పత్రికాస్వాతంత్ర్యము: ఒకే దినమున రెండు తీర్పులు

1950 మే 26వ తేదీన భారత సుప్రీంకోర్టు పత్రికలకు సంబంధించిన రెండు తీర్పులను వెలువరించెను. రాజ్యాంగము అమలులోనికి వచ్చి అప్పటికి సరిగా నాలుగు నెలలైనది. మొదటి వ్యాజ్యెము బొంబాయినుండి వెలువడుచుండిన ‘క్రాస్ రోడ్స్’ అను ఆంగ్ల వారపత్రికది. రెండవది ఢిల్లీనుండి వెలువడు ‘ఆర్గనైజర్’ అను ఆంగ్ల వారపత్రికది. మొదటిది వామపక్ష పత్రిక. రెండవది రాష్ట్రీయ స్వయంసేవక సంఘ భావములకు సన్నిహితమైనది. ఒకరి మాట ఒకరికి గిట్టని పత్రికలివి. అయినను ఒకే దినమున, ఒకే న్యాయపీఠము ఎదుట, ఒకే హక్కును చెప్పుకొని రెండును గెలిచినవి.

ప్రజాస్వామ్యమున పత్రికలకు చట్ట మిచ్చు రక్షణ ఎట్టిదో తెలిసికొనగోరువారికి ఈ జంట వ్యాజ్యెములకంటె మంచి పాఠము లేదని మా అభిప్రాయము. పత్రికాస్వాతంత్ర్య మనగానే మనకు గొప్ప ఆశయములు స్ఫురించును. కాని చట్టమున దాని ప్రాణ మెచ్చట నున్నదని వెదకినచో, అది కొన్ని చిన్న ప్రశ్నలయం దున్నట్లు తోచును. పత్రికను ఆపు అధికారము ఎవరిది? ఆపుట అచ్చుకు ముందా, అచ్చైన పిమ్మటనా? ఆపినవారు కారణము చెప్పవలెనా, అక్కరలేదా? ఆ కారణము సరియైనదో కాదో విచారించుటకు మరియొకరు కలరా? మన దేశమున రెండు వందల యేండ్లుగా సాగుచున్న వివాదము ఈ ప్రశ్నల చుట్టునే తిరుగుచున్నది.

కంపెనీ ప్రభుత్వపు కాలమున ఈ ప్రశ్నలకు సమాధానము సులభముగ నుండెను. 1823లో తాత్కాలిక గవర్నర్ జనరలుగా నుండిన జాన్ ఆడమ్ ఒక నిబంధన తెచ్చెను. దాని ననుసరించి ప్రభుత్వపు లైసెన్సు లేనిదే పత్రికను నడుపరాదు. ఇచ్చిన లైసెన్సును ప్రభుత్వమే రద్దు చేయవచ్చును. రాజా రామమోహనరాయలు, ఆయన మిత్రులు కలకత్తా సుప్రీంకోర్టుకు మనవి చేసికొనిరి, ఫలము లేకపోయెను. ఇంగ్లండు రాజునకు విన్నవించుకొనిరి, అదియు వ్యర్థమయ్యెను. రాయలవారు అట్టి లైసెన్సు క్రింద పత్రికను నడుపుటకు సమ్మతింపక, తమ పారసీక వారపత్రిక ‘మీరాతుల్ అఖ్బార్’ను నిలిపివేసిరి. పండ్రెండేండ్ల పిదప, 1835లో, చార్లెస్ మెట్‌కాఫ్ ఆ లైసెన్సు పద్ధతిని ఎత్తివేసెను. ముద్రించువారు, ప్రకటించువారు తమ పేరును, స్థలమును అధికారికి తెలిపిన చాలునని కొత్త శాసనము చెప్పెను. అనుమతి వేడుట వేరు, పేరు నమోదు చేయించుకొనుట వేరు. ఈ భేదము చిన్నదిగ కనిపించును గాని, స్వాతంత్ర్య మంతయు అందులోనే యున్నది. 1867నాటి ముద్రణాలయముల, గ్రంథముల నమోదు చట్టము ఈ రెండవ మార్గముననే నడచెను. అది నూటయేబదియేండ్లకు పైగా నిలిచి, 2024 మార్చి 1వ తేదీనుండి కొత్త చట్టమునకు చోటిచ్చినది.

అయినను పాలకులు పాత మార్గమును పూర్తిగ విడువలేదు. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషా పత్రికల చట్టమును తెచ్చెను. అది ఆంగ్లపత్రికలకు వర్తింపదు, దేశభాషలలో వెలువడువానికే. మేజిస్ట్రేటు ముద్రాపకునిచే పూచీపత్రము వ్రాయించుకొనవచ్చును, ధరావతు కట్టుమనవచ్చును. ఆయన మాటయే తుదిమాట. దానిపై కోర్టుకు అప్పీలు లేదు. కలకత్తాలో వంగభాషకు ప్రాధాన్యమిచ్చి వెలువడుచుండిన ‘అమృతబజారు పత్రిక’ ఈ చట్టమునుండి తప్పించుకొనుటకు ఆంగ్లపత్రికగా మారిపోయెను. రిప్పన్ ప్రభువు కాలమున ఆ చట్టము రద్దయ్యెను. కాని 1910లో మరల ఒక ముద్రణ చట్టము వచ్చెను. క్రొత్తగా అచ్చుయంత్రము పెట్టువాడు 500 రూపాయలు మొదలు 2000 రూపాయల వరకు ధరావతు కట్టవలెను. అభ్యంతరకరమైన వ్రాత కనిపించినచో ప్రభుత్వము ఆ సొమ్మును జప్తు చేయవచ్చును. ఈసారి హైకోర్టుకు పోవు దారి కాగితముమీద కలదు. కాని 1913లో మౌలానా మహమ్మదాలీ వ్యాజ్యెమును విచారించిన కలకత్తా ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్, ఆ చట్టము కోర్టునకు మిగిల్చిన అధికారము ఎంత స్వల్పమో స్పష్టము చేసెను. తలుపు పెట్టి, తాళము వేసిన చందమున నుండెను ఆ రక్షణ.

మన తెలుగుదేశమును ఈ చరిత్రకు వెలుపల లేదు. 1908లో బెజవాడనుండి వెలువడుచుండిన ‘స్వరాజ్య’ వారపత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. తిరునెల్వేలి కాల్పులను గురించిన వ్రాతకు ప్రభుత్వము వారిపై రాజద్రోహ నేరము మోపెను. వారికి మూడేండ్లు కారాగారవాసము ప్రాప్తించెను. ఇచ్చట అచ్చుకు ముందు ఎవరును ఆపలేదు, విచారణయు జరిగినది. అయినను పత్రిక నిలువలేదు. ఎందుచేత? రాజద్రోహ మను మాటకు హద్దు లేకపోవుటచేత. ప్రభుత్వమునెడ ప్రజలకు అప్రీతి కలిగించుటయే నేరమైనపుడు, ఏ విమర్శ నేరము కాకుండును? కాబట్టి శిక్ష పిమ్మట వచ్చునని సంతోషించిన చాలదు. నేరమనగా ఏమో చట్టము కచ్చితముగ చెప్పవలెను.

నిజాము రాష్ట్రమున కథ వేరు. హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికకు షోయబుల్లాఖాన్ సంపాదకుడు. హైదరాబాదు భారతదేశమున కలియవలెనని ఆయన వ్రాయుచుండెను. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆయనను హత్య చేసిరి; వ్రాసిన చేతిని నరికిరి. చట్టము రక్షింపని చోట కలము పట్టుట ఎట్టి సాహసమో ఆ రాత్రి తెలుపుచున్నది.

అదే సంవత్సరము డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తు ప్రాథమిక హక్కులను చర్చించుచుండెను. భావప్రకటన స్వాతంత్ర్యమును చెప్పుచోట పత్రికల పేరును ప్రత్యేకముగ చేర్చవలెనని ఆచార్య కె. టి. షా కోరెను. డాక్టరు అంబేడ్కరు అందుకు సమ్మతింపలేదు. పత్రికను నడుపువాడును పౌరుడే. వ్రాయునపుడు అతడు తన పౌరహక్కునే వినియోగించుకొనుచున్నాడు. కావున వేరుగ చెప్పనక్కరలేదని ఆయన వాదము. ఈ కారణముచేతనే మన రాజ్యాంగపు 19వ అధికరణమున ‘పత్రిక’ అను మాట నేటికిని లేదు. దీనిని కొందరు లోపముగ నెంతురు. మాకు మాత్రము ఇందొక గౌరవము కనిపించుచున్నది. పత్రికాస్వాతంత్ర్యము పత్రికాధిపతుల ప్రత్యేక వరము కాదు. ఇంట కూర్చుండి పత్రిక చదువు సామాన్యునికిని, రేడియో వినువారికిని గల హక్కులో అది యొక భాగము. అదే చర్చలలో, కె. ఎం. మున్షీగారి సవరణ ననుసరించి, పరిమితుల జాబితానుండి ‘రాజద్రోహము’ అను మాటను తొలగించిరి.

ఇక మన జంట వ్యాజ్యెములకు వత్తము.

అప్పటి మద్రాసు రాష్ట్రమున మన కోస్తా జిల్లాలును, రాయలసీమయు చేరియుండెను. 1950 మార్చి 1వ తేదీన మద్రాసు ప్రభుత్వము ఒక ఉత్తరువు జారీచేసెను. దాని ప్రకారము ‘క్రాస్ రోడ్స్’ పత్రిక ఆ రాష్ట్రమున ప్రవేశింపరాదు, అమ్ముడుపోరాదు, పంచబడరాదు. 1949నాటి శాంతిరక్షణ చట్టము దానికి ఆధారము. అనగా నెల్లూరులోగాని, గుంటూరులోగాని, కర్నూలులోగాని ఒక పాఠకుడు ఆ పత్రికను కొనదలచినను కొనజాలడు. పత్రికాధిపతి రమేశ్ థాపర్ తిన్నగ సుప్రీంకోర్టుకు పోయెను. ముందు మద్రాసు హైకోర్టుకు పోవలెనని ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరము చెప్పెను. ప్రాథమిక హక్కు భంగమైనపుడు పౌరుడు తిన్నగ తమకడకే రావచ్చునని సుప్రీంకోర్టు ఆ అభ్యంతరమును త్రోసిపుచ్చెను.

ఆ మరునాడే, మార్చి 2వ తేదీన, ఢిల్లీ చీఫ్ కమిషనరు ‘ఆర్గనైజర్’ పత్రికకు వేరొక ఉత్తరువు పంపెను. మతసంబంధమైన విషయములను, పాకిస్తానును గురించిన వార్తలను, అభిప్రాయములను, తుదకు ఛాయాచిత్రములను, వ్యంగ్యచిత్రములను సైతము, అచ్చుకు ముందే రెండేసి ప్రతులుగ అధికారికి సమర్పించి అనుమతి పొందవలెను. ప్రభుత్వ వర్గములును, పేర్కొన్న వార్తాసంస్థలును ఇచ్చిన వార్తలకు మాత్రమే మినహాయింపు. ముద్రాపకుడు బ్రిజ్‌భూషణ్, సంపాదకుడు కె. ఆర్. మల్కానీ సుప్రీంకోర్టును ఆశ్రయించిరి.

ఒకచోట అచ్చైన పత్రికను పాఠకునికడకు చేరనీయలేదు. మరియొకచోట అచ్చు కానీయలేదు. న్యాయమూర్తి పతంజలిశాస్త్రిగారు అధికసంఖ్యాకుల పక్షమున తీర్పులు వ్రాసిరి. చేరనీయని పత్రిక అచ్చైనను కానట్లే గాన, ప్రచారమునకును స్వాతంత్ర్య ముండవలెనని మొదటి తీర్పు. అచ్చుకు ముందు తనిఖీ పత్రికాస్వాతంత్ర్యమునకు ప్రతిబంధకమని రెండవ తీర్పు. రెంటికిని మూలమైన తర్కమొక్కటే. రాజ్యాంగమున ఆనాడున్న పరిమితులలో ‘రాజ్యభద్రత’ కలదు గాని ‘శాంతిభద్రత’ లేదు. వీథిలో జరుగు చిన్న అల్లరియు శాంతిభంగమే; దానివలన రాజ్యము కూలిపోదు. రాజ్యాంగము హద్దు గీచినంతవరకే పోవలసిన అధికారమును, హద్దు దాటియు వాడుటకు వీలైన మాటలలో వ్రాసినపుడు, ఆ నిబంధన చెల్లదు. ఆ రెండు ఉత్తరువులును కొట్టుడుపడెను. న్యాయమూర్తి ఫజల్ అలీ మాత్రము విభేదించెను. శాంతిభంగము ముదిరినచో రాజ్యభద్రతకే ముప్పని ఆయన భావించెను. విభజన గాయములు పచ్చిగనున్న ఆ దినములలో ఆయన భయము అకారణమని చెప్పజాలము.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 1951 మేలో ప్రధానమంత్రి నెహ్రూ రాజ్యాంగపు మొదటి సవరణను ప్రతిపాదించెను. ‘శాంతిభద్రత’, ‘విదేశములతో మైత్రి’, ‘నేరమునకు ప్రేరేపణ’ అను మూడు కారణములు పరిమితుల జాబితాలో చేరినవి. అవి మొదటినుండియు ఉన్నట్లే భావింపవలెనని కూడ సవరణ చెప్పెను. శ్యామాప్రసాద్ ముఖర్జీ మొదలైనవారు తీవ్రముగ వ్యతిరేకించిరి. చర్చల ఫలితముగ ఆ ఉపాధికరణమున ఒక్క విశేషణము చేరినది: పరిమితి ‘సమంజసమైనది’ కావలెను. ఆ యేడు జూను 18వ తేదీన సవరణ శాసనమయ్యెను. పత్రికలు గెలిచిన నేలలో కొంతభాగము ఇట్లు చేజారినది. కాని ఆ ఒక్క విశేషణము మిగిలినది. ప్రభుత్వ మిది అవసరమని చెప్పిన చాలదు. సమంజసమో కాదో కోర్టు చూడవలెను. తరువాతి ఏడు దశాబ్దుల రక్షణ అంతయు ఈ మాటను పట్టుకొనియే నిలిచినది.

ఆ మాట ఎట్లు పనిచేసెనో 1957లో పంజాబునుండి వచ్చిన వ్యాజ్యెమున చూడవచ్చును. భాషావివాదము చెలరేగిన ఆ దినములలో ‘ప్రతాప్’, ‘వీర్ అర్జున్’ పత్రికలపై ప్రభుత్వము నిషేధములు విధించెను. సుప్రీంకోర్టు ఆ చట్టమున రెండు నిబంధనలను వేరుచేసి చూచెను. ఒకదానికి రెండు నెలల గడువు కలదు, బాధితుడు మొరపెట్టుకొను అవకాశము కలదు, అది నిలిచెను. రెండవదానికి గడువు లేదు, మొరకు తావు లేదు, అది చెల్లలేదు. గడువు, మొర అను ఈ సామాన్యమైన మాటలే శాసనమునకును, ఇచ్ఛకును నడుమ నున్న గోడ.

పత్రిక నోరు మూయించుటకు సెన్సారు అధికారియే అక్కరలేదు. కాగితమును ఆపినను చాలును. పత్రిక వెలను బట్టి పుటల సంఖ్యను నిర్ణయించు ఉత్తరువును పూనా మరాఠీ దినపత్రిక ‘సకాళ్’ ఎదిరించెను. 1961లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. కాగితపు కొరత పేర పుటలకు పది అను మితి పెట్టిన విధానమునకు 1972లో అదే గతి పట్టెను.

ఇన్ని తీర్పులుండియు 1975లో ఏమి జరిగినది? జూను 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటితమయ్యెను. మరునాడే వార్తలపై సెన్సారు వచ్చెను. అత్యవసర పరిస్థితిలో 19వ అధికరణము నిద్రించునని రాజ్యాంగమే చెప్పుచుండెను గాన, పావు శతాబ్దము శ్రమించి కట్టుకొన్న రక్షణ ఒక్కరాత్రిలో పనికిరాకుండ పోయెను. 1976 జనవరిలో ప్రెస్ కౌన్సిల్ రద్దయ్యెను. పార్లమెంటు కార్యక్రమములను యథార్థముగ ప్రకటించినవారిపై దావాలు చెల్లవని ఫిరోజ్ గాంధీ కృషివలన 1956లో వచ్చిన చట్టమును తొలగించిరి. పార్లమెంటులో సభ్యుడు చెప్పినమాటను ఇంట నున్న పౌరునికి చెప్పుటయు అపాయకరమైనది. ఆ చీకటిలోను మినూ మసానీ నడుపుచుండిన చిన్న పత్రిక ‘ఫ్రీడమ్ ఫస్ట్’ బొంబాయి హైకోర్టుకు పోయెను. సెన్సారు అధికారియు తనకిచ్చిన అధికారపు హద్దులలోనే నడువవలెనని ఆ న్యాయస్థానము 1976లో చెప్పెను. ప్రాథమిక హక్కు నిద్రించినపుడును, అధికారికి హద్దు కలదను సామాన్య న్యాయసూత్రము మేల్కొనియుండెను.

1977లో ప్రభుత్వము మారినపిమ్మట పార్లమెంటు వార్తల రక్షణచట్టమును మరల తెచ్చిరి. అది పత్రికలకే కాక రేడియో ప్రసారములకును వర్తించుట మన శ్రోతలు గమనింపదగిన విషయము. 1978నాటి నలుబదినాలుగవ సవరణ ఆ రక్షణను రాజ్యాంగముననే చేర్చెను. యుద్ధము, విదేశీ దురాక్రమణ అను కారణములపై ప్రకటించిన అత్యవసర పరిస్థితిలో తప్ప 19వ అధికరణము తనంతట నిద్రింపరాదని కూడ ఆ సవరణ నిర్ణయించెను. ప్రెస్ కౌన్సిల్ 1979లో తిరిగి వెలసెను. అనుభవము నేర్పిన పాఠమును శాసనముగ వ్రాసికొనుట ప్రజాస్వామ్యమున జరుగు మంచిపనులలో ఒకటి.

పత్రికకు స్వాతంత్ర్యము కలదన్నంతమాత్రమున పరులకు గౌరవము లేదని కాదు. పరువునష్టమునకు శాసనము కలదు. అబద్ధము వ్రాసినవాడు జవాబు చెప్పుకొనవలసినదే. కాని ఆ జవాబుకు సమయ మెప్పుడు? తమిళ వారపత్రిక ‘నక్కీరన్’ ఒక ఖైదీ ఆత్మకథను ప్రకటింపబోగా, తమ పేళ్లు బయటపడునని అధికారులు అడ్డుపడిరి. 1994లో సుప్రీంకోర్టు వారి కోరికను అంగీకరింపలేదు. పరువు పోవునను భయముతో ముందే ఆపుటకు ప్రభుత్వమునకుగాని, అధికారులకుగాని హక్కు లేదు. అచ్చైన పిమ్మట దావా వేసికొనవచ్చును అని చెప్పెను. 1823నాటి ప్రశ్నయే మరల వచ్చినది. సమాధానము మాత్రము మారినది.

ప్రసార సాధనముల విషయమున మార్గము మరింత దీర్ఘమైనది. మేము పనిచేయు రేడియో ఆరంభమునుండి ప్రభుత్వశాఖగా నడచినది. పత్రిక కున్న స్వాతంత్ర్యము దానికి లేకుండెను. ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు చెప్పెను. 1990లో చేసిన ప్రసారభారతి చట్టము 1997లో గాని అమలులోనికి రాలేదు. 2022లో ‘మీడియావన్’ అను మలయాళ టెలివిజను సంస్థ అనుమతిని పొడిగించుటకు కేంద్రప్రభుత్వము నిరాకరించెను. కారణమును మూసిన కవరులో కోర్టునకు మాత్రము చూపెను. 2023 ఏప్రిల్ 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ నిరాకరణను కొట్టివేసెను. దేశభద్రత అను మాట పలికినంతనే కారణము చెప్పు బాధ్యత తీరిపోదని నిర్ణయించెను.

గాడిచర్లవారిని చెరకంపిన రాజద్రోహపు సెక్షను ప్రయోగమును 2022 మేలో సుప్రీంకోర్టు నిలిపియుంచెను. 2024 జూలై 1వ తేదీన పాత శిక్షాస్మృతితోపాటు అదియు పోయినది. కాని భారత న్యాయసంహిత 152వ సెక్షను దేశసార్వభౌమత్వమునకు అపాయము కలిగించు మాటలను శిక్షార్హములుగ చెప్పుచున్నది. ఆ మాటల హద్దు ఎంతవరకో న్యాయస్థానములు తేల్చవలసియున్నది. పేరు మారినంతమాత్రమున పాత ప్రశ్న తీరిపోదు.

ఈ చరిత్రనుండి సామాన్య గృహస్థుడు గ్రహింపదగిన దేమి? ఒక పత్రికను ఆపిరను వార్త వినినప్పుడు, ఆ పత్రిక మంచిదా చెడ్డదా అని మన మనస్సు మొదట అడుగును. అది సహజమే. కాని చట్టము అడుగు ప్రశ్న వేరు. ఏ శాసనము క్రింద ఆపిరి? కారణము చెప్పిరా? గడువు పెట్టిరా? మొర వినువా రెవరు? ‘క్రాస్ రోడ్స్’ చదువరులు ‘ఆర్గనైజర్’ నోరు మూయుటను చూచి సంతోషించియుండవచ్చును. ‘ఆర్గనైజర్’ చదువరులు ‘క్రాస్ రోడ్స్’ నిషేధమును చూచి సంతోషించియుండవచ్చును. అట్టి సంతోషమును న్యాయస్థానము లెక్కచేయలేదు. ఒక పత్రికను ఆపిన అధికారమే రెండవదానిని కూడ ఆపుచుండెను. అందుచేత ఒకరి గెలుపు రెండవవారికి ఓటమి కాలేదు. మనకు నచ్చని పత్రిక వాకిట నిలిచిన కావలివాడే మన యింటి వాకిటను కూడ నిలిచియున్నాడు.